వియత్నాం పల్లెలలో సాము విద్య

రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి ఈయవలసినదని గ్రంథాలయ కార్యనిర్వాహకులు కోరినప్పుడు, దేనిని గూర్చి వ్రాయుదునా యని కొంత ఆలోచించితిని. మన గ్రంథాలయమున రాజుల చరిత్రలకు కొరత లేదు. యుద్ధముల చరిత్రలకు అంతకంటెను కొరత లేదు. వియత్నాం అను పేరు వినగానే మన చదువరులకు స్ఫురించునదియు యుద్ధమే. విమానములు, బాంబులు, మాడిపోయిన అడవులు, 1975లో ముగిసిన దీర్ఘ సంగ్రామము - ఇంతే మనకు తెలిసిన వియత్నాం. ఆ దేశపు పల్లెలలో తండ్రి కొడుకునకు, తాత మనుమరాలికి నేర్పుచు వచ్చిన సాము విద్య ఒకటి కలదనియు, దానికి కొన్ని శతాబ్దుల చరిత్ర కలదనియు ఎరిగినవారు అరుదు. ఒక పల్లె తన విద్యను ఎట్లు నిలుపుకొనగలదు, ఎట్లు పోగొట్టుకొనగలదు అను ప్రశ్నకు ఆ చరిత్రలో సమాధానము దొరకును. ఇరువదియైదేండ్లు గ్రంథాలయమును నిలుపుకొన్న గ్రామమునకు ఈ ప్రశ్న పరాయిది కాదు గదా!

ఉత్తరదేశపు కుస్తీలు, రాజుల పాఠశాలలు

వియత్నాం సన్నగా, పొడవుగా, సముద్రము వెంబడి సాగిన దేశము. ఉత్తరమున ఎర్రనది మైదానము, దక్షిణమున మెకాంగ్ నది మైదానము. ఈ రెంటిని కలుపుచు నడుమ సన్నని కోస్తా. ఆ దేశ భాషలో యుద్ధవిద్యను 'వో' అందురు. ఇది చైనా భాషనుండి వచ్చిన మాట. మాటయే గాక విద్యలోను చైనా పాలు కలదని వియత్నాం గురువులే ఒప్పుకొందురు. అయినను ఏ ప్రాంతపు నేల, ఏ ప్రాంతపు బ్రతుకు ఎట్టివో ఆ ప్రాంతపు వో అట్టిదిగా రూపొందినది.

ఉత్తరమున ప్రాచుర్యము వహించినది కుస్తీ. ఎర్రనది మైదానములోని లియూ దోయ్ గ్రామమున చాంద్రమాన సంవత్సరాది వెళ్ళిన అయిదవనాడు కుస్తీల తిరునాళ్ళు నేటికిని జరుగును. నడిమి దేశమున హ్వే నగరమునకు చేరువనున్న సిన్ గ్రామమున అట్టి పోటీలే పదవనాడు జరుగును. వ్యవసాయపు పనులు తీరిన ఆ పండుగ దినములలో ఊరి యువకుల బలమును ఊరివారందరు కూడి చూచుట అక్కడి ఆచారము.

రాజులును ఈ విద్యను ఉపేక్షింపలేదు. ట్రాన్ వంశపు రాజులు 1253లో తమ రాజధాని థాంగ్ లాంగ్‌లో, అనగా నేటి హనోయి నగరమున, యుద్ధవిద్యాశాలను నెలకొల్పిరి. ఆ తరువాత 1258, 1285, 1288 సంవత్సరములలో మూడు పర్యాయములు మంగోలు సేనలు ఆ దేశముపై దండెత్తి మూడు పర్యాయములును ఓడి మరలినవి. ఆసియా ఖండమున సగభాగమును గెలిచినవారిని అంత చిన్నదేశము నిలువరించుటకు కారణము సామొక్కటే యనుట సత్యము కాదు. నదుల తీరును, ఎండ తీవ్రతను, సేనాపతి ట్రాన్ హుంగ్ దావో వ్యూహములను లెక్కింపవలెను. కాని సేనానులను పాఠశాలలో శిక్షణ యిచ్చి తీర్చవలెనను తెలివి ఆ ప్రభువులకు ముందే కలిగెననుట నిజము. పిమ్మట 1724 నుండి విద్వాంసుల పరీక్షల వలెనే యోధులకును రాజ్యపరీక్షలు ఏర్పడినవి. వానిలో ఆయుధముల నేర్పుతోపాటు యుద్ధనీతి గ్రంథములపై ప్రశ్నలును ఉండెడివి. చదువురాని యోధుడు పై మెట్టు ఎక్కలేడన్నమాట.

విజయనగరమను మరియొక నగరము

రాజధానిని విడిచి పల్లెకు పోవుదము. వియత్నాంలో సాము అనగానే ఎవ్వరైనను మొదట చెప్పు పేరు బిన్‌దిన్. ఇది నడిమి కోస్తాలోని సీమ. 2025 జులైలో దానిని పొరుగునున్న జియాలాయ్ రాష్ట్రముతో కలిపివేసి, రెంటికిని జియాలాయ్ అను పేరే ఉంచిరి. పటములో పేరు మారినను జనుల నోట ఆ సాము ఇప్పటికిని 'బిన్‌దిన్ వో'యే.

ఈ సీమతో మనదేశమునకు ఒక పాత బంధుత్వము కలదు. వియత్నాం వారు రాకముందు అది చంపా రాజ్యము. చంపా రాజులు శివుని కొలిచిరి; సంస్కృతమున శాసనములు చెక్కించిరి. ఆ తీరమున న్యాట్రాంగ్ దగ్గర దొరికిన వో కాన్ శాసనము సంస్కృత భాషలో, దక్షిణ భారత లిపులను పోలిన లిపిలో ఉన్నది. బిన్‌దిన్ సీమలో చంపా రాజుల రాజధాని పేరు విజయ. దాని ఇటుక గోపురములు నేటికిని గుట్టలపై నిలిచియున్నవి. 1471లో వియత్నాం రాజు లే థాన్ టాంగ్ ఆ నగరమును జయించెను. అటుపిమ్మట ఉత్తరమునుండి వియత్నాం రైతులు ఆ క్రొత్త నేలకు వలసపోయిరి.

వలసపోయినవారి బ్రతుకు ఎట్లుండునో ఊహింపవచ్చును. ఒకవంక సముద్రము, ఒకవంక అడవికొండలు. పులుల భయము, దొంగల భయము. రాజుగారి కత్తి దూరముననుండెను. ఇంటి మూలనున్న కర్ర చేరువలో నుండెను. కావడిబద్ద, పడవతెడ్డు, పశువుల కర్ర - ఏది చేతికి అందిన అదియే ఆయుధము. బిన్‌దిన్ సాములో కర్రకు అగ్రస్థానము లభించుటకు ఇదియే కారణమని చెప్పవచ్చును. ధనవంతుడైనను బీదవాడైనను కర్ర కొనవలసిన పని లేదు.

తమలపాకుల వర్తకుని కుమారసేన

ఈ సీమకు కొండలవైపున తైసన్ అను పల్లెపట్టు కలదు. అక్కడ పదునెనిమిదవ శతాబ్దమున న్గుయెన్ న్యాక్, న్గుయెన్ హ్వే, న్గుయెన్ లూ అను ముగ్గురన్నదమ్ములు ఉండిరి. పెద్దవాడైన న్యాక్ కొండజాతులవారితో తమలపాకుల వర్తకము చేసెడివాడు. వారికి ట్రువాంగ్ వాన్ హియెన్ అను గురువు చదువును సామును రెండింటిని కలిపి నేర్పినట్లు ఆ దేశపు పెద్దలు చెప్పుదురు. రాజధానిలోని దుష్టమంత్రి బాధ పడలేక పారిపోయి వచ్చి, ఆయన అన్ థాయ్ గ్రామమున బడి పెట్టుకొనెనట.

పన్నుల భారము సహింపలేక 1771లో ఆ సోదరులు తిరుగుబాటు చేసిరి. 1773లో క్వి న్యాన్ కోటను పట్టిన విధము అక్కడి పిల్లలందరు ఎరిగిన కథ. న్యాక్ తనను తాను బోనులో బంధింపించుకొని, తిరుగుబాటుదారును పట్టితెచ్చితిమని అనుచరులచే కోటలోనికి మోయించుకొనెను. రాత్రివేళ బోను విడగొట్టుకొని వెలికివచ్చి, లోపలినుండి తలుపులు తెరచెను. 1778లో అతడు చక్రవర్తినని ప్రకటించుకొని, శిథిలమైయున్న ఆ చంపా విజయనగరపు నేలమీదనే తన కోటను కట్టించెను.

తమ్ముడు హ్వే అన్నను మించిన సేనాని. 1785 జనవరిలో మెకాంగ్ కాలువలలో సయాం నౌకాసేనను చెదరగొట్టెను. 1788లో క్వాంగ్ ట్రుంగ్ అను పేరున చక్రవర్తియయ్యెను. ఆ యేటి చివర చైనా చింగ్ వంశపు సేన థాంగ్ లాంగ్‌ను ఆక్రమించుకొనియుండగా, సంవత్సరాది పండుగను ముందుగనే చేసికొనుడని తన సైనికులకు చెప్పి అతడు ఉత్తరమునకు నడిచెను. న్గాక్ హోయ్ కోటముందు ఫిరంగుల నిప్పునకు అడ్డముగా, తడిసిన గడ్డి కప్పిన పెద్ద పలకలను మోయించెను. పలకల మాటున పొట్టికత్తులు పట్టిన యోధులు నడిచిరి. దగ్గరకు చేరగనే పలకలు పారవైచి కలియబడిరి. పోరు చేతికి చేయి తగులునంత చేరువకు వచ్చినప్పుడు పల్లెలో నేర్చిన సాము ఎందుకు పనికివచ్చునో అచట తేలినది. సంవత్సరాది వెళ్ళిన అయిదవనాడు, అనగా 1789 జనవరి 30వ తేదీన, చక్రవర్తి రాజధాని ప్రవేశించెను. హనోయిలోను తైసన్‌లోను ఆ విజయమునకు నేటికిని ఆ తిథినాడే ఉత్సవము చేయుదురు.

తైసన్ సేనలో స్త్రీలును ఉండిరి. బుయ్ థి సువాన్ అను వీరవనిత గజసేనకు నాయకురాలు; ఆమె భర్త ట్రాన్ క్వాంగ్ దియూ కూడ సేనానియే. బిన్‌దిన్ ఆడుపిల్లలు కర్ర త్రిప్పుదురని జానపదులు పాడుకొను పాటలకు ఆమెయే ఆదర్శము.

కడపటి తమ్ముడు లూ కోడిపందెములు చూచి 'కోడిపుంజు సాము'ను కల్పించెనని ఒక ఐతిహ్యము కలదు. చిన్న కోడి పెద్దకోడిని ఎట్లు తప్పించుకొని, ఎట్లు ఎగిరి, ఎట్లు క్రింది పాటున దూరి గెలుచునో గమనించి, బక్కవాడు బలిష్ఠునితో పోరాడు మార్గమును కనిపెట్టెనట. ఐతిహ్యము ఐతిహ్యమే, శాసనము కాదు. అయినను సంక్రాంతి పందెములు చూచిన మనవారికి అది కట్టుకథయని తోచదు.

పేరు చెప్పకూడని దినములు

క్వాంగ్ ట్రుంగ్ 1792లో ఆకస్మికముగా మరణించెను. 1802లో న్గుయెన్ వంశపు జియాలాంగ్ తైసన్ రాజ్యమును కూలద్రోసి, వారి సమాధులను త్రవ్వించెను. బుయ్ థి సువాన్‌ను ఏనుగులచే త్రొక్కించి చంపించెను. తైసన్ సోదరుల పేరు పలుకుటయే నేరమయ్యెను.

అప్పుడు పల్లె ఏమి చేసినది? సోదరులు పుట్టిపెరిగిన కియెన్ మీ గ్రామమున ప్రజలు గ్రామదేవతకు సావడి కట్టిరి. పైకి అది గ్రామదేవత గుడి; లోపల వారు మ్రొక్కినది ఆ ముగ్గురన్నదమ్ములకు. సామును సైతము ఇట్లే దాచిరి. పేరు చెప్పలేదు; విద్య మానలేదు.

చిత్రమేమనగా, ఆ విద్యతో నూతన ప్రభువులకును అవసరము కలిగెను. 1835లో చక్రవర్తి మిన్ మాంగ్ హ్వే నగరమున యుద్ధవీరుల ఆలయమును కట్టించెను. యోధుల పరీక్షలు మరల మొదలైనవి. బరువులెత్తుట, కర్రసాము, కత్తిడాలు, తుపాకి గురి - ఇవి పరీక్షాంశములు. 1865 నుండి పై తరగతి పరీక్షలో నెగ్గినవారి పేర్లను ఆ ఆలయమున రాతిపలకలపై చెక్కిరి. తైసన్ పేరును నిషేధించిన ప్రభువుల పరీక్షలకు బిన్‌దిన్ యువకులు తైసన్ సీమ కర్రతోనే పోయిరి. ప్రభుత్వములు మారినను చేతి ఒడుపు మారదు.

మూడు పల్లెలు

బిన్‌దిన్ సీమలో కోన్ అను నది కలదు. దానికి ఒక ఒడ్డున అన్ థాయ్, ఎదుటి ఒడ్డున అన్ విన్. వానికి చేరువలో థువాన్ ట్రుయెన్. కర్రకు థువాన్ ట్రుయెన్ ప్రసిద్ధి; పిడికిలికి తక్కిన రెండు ఊళ్ళు ప్రసిద్ధి. అన్ థాయ్‌లో చైనా వర్తకులు కాపురముండుటచే అక్కడి పిడికిలి సాములో చైనా పోకడలు కలిసినవి. నది దాటినంతనే అన్ విన్ పోకడ వేరు. థువాన్ ట్రుయెన్‌లో హో న్గాన్ అను గురువు కర్ర పట్టుటలో ఇరువదవ శతాబ్దమున ఎదురులేనివాడని పేరుపొందెను.

ఏడవ చాంద్రమాసపు పున్నమినాడు అన్ థాయ్‌లో ఒక వేడుక జరిగెడిది. ఎత్తైన మంచెమీదినుండి కాల్చిన పందిని క్రిందికి విసరుదురు. ఊరూరి సాము జట్టులు దానిని అందుకొని, ఇతరులను త్రోసి, తమ ఊరివైపు మోసికొనిపోవలెను. మాంసముకొరకు కాదు ఆ పోరు, ఊరి పరువుకొరకు. ఏ గురువు శిష్యులు ఎట్టివారో ఆ నాడు సీమ యంతటికిని తెలిసిపోవును.

దక్షిణమునకు పోయిన వలసదారులు ఈ విద్యను వెంటగొనిపోయిరి. సైగాన్ నగరమునకు ఉత్తరముననున్న తాన్ ఖాన్ పల్లెలో అది అడవి పులులతో పోరాడు సాముగా మారినది. పులిని కర్రతో ఎదిర్చిన ట్రా అను స్త్రీ పేరు ఆ సంప్రదాయమునకు నిలిచిపోయెను. 'తాన్ ఖాన్ బా ట్రా' యనగా తాన్ ఖాన్ ఊరి ట్రా అవ్వ సాము అని అర్థము. ఆ ప్రాంతము 2025లో హోచిమిన్ నగరమున కలిసిపోయినది. పులులు లేవు, అడవి లేదు; అవ్వ పేరు మాత్రమున్నది.

పద్యములోని పాఠము

ఇంత విద్యను వారు ఎట్లు గుర్తుంచుకొనిరి? ప్రతి సాము వరుసకును ఒక పద్యము కలదు. దానిని 'థియూ' అందురు. పద్యపాదమున ఒక్కొక్క మాట ఒక్కొక్క అడుగునకు, ఒక్కొక్క దెబ్బకు గుర్తు. గురువు పద్యము చెప్పును; శిష్యుడు దానిని నోట పలుకుచు చేతితో చేయును. వరుసల పేర్లును కవిత్వమే: పచ్చరాతి గిన్నె, ముదుసలి పూలచెట్టు, కొండనెక్కు ముసలిపులి. పద్యము కంఠస్థమైనచో పాఠము మరపునకు రాదు. ఎక్కములను, శతకపద్యములను వల్లెవేసి పెరిగిన మనకు ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కరలేదు.

కాని పద్యమొక్కటే చాలదు. మాట ఒకటి, దాని అర్థమైన దెబ్బ మరొకటి. పద్యము తెలిసి గురువు లేనివాడు తాళముచెవి ఉండి ఇల్లు తెలియనివానితో సమానుడు. అందుచే కొన్ని కుటుంబములు చైనా అక్షరములలోను, 'నోమ్' అను దేశీయ లిపిలోను ఈ పద్యములను, వివరణములను వ్రాసి పెట్టెలలో దాచుకొనిరి. క్వాంగ్ ట్రుంగ్ చక్రవర్తి ఆ నోమ్ లిపినే రాజ్యకార్యములకు వాడించినవాడు.

ఫ్రెంచివారు 1858లో ఆ దేశముపై దాడి చేసిరి. 1885లో రాజును కాపాడుడను పిలుపునకు బిన్‌దిన్ లేచినది. అచటి నాయకుడు మాయ్ సువాన్ థూవాంగ్ 1887లో శిరచ్ఛేదము పొందెను. అటుపిమ్మట కర్ర పట్టినవాడెల్ల దొరలకు అనుమానితుడే. సాము పెరటిలోనికి, రాత్రిలోనికి తగ్గినది.

అయినను తుపాకికంటె ఎక్కువ నష్టము చేసినది మరియొకటి. అది లిపి మార్పు. పాత పరీక్షలు కడపటిసారి 1919లో హ్వేలో జరిగినవి. ఆపై దేశమంతయు రోమను అక్షరములతో వ్రాయు క్రొత్త పద్ధతికి మారినది. క్రొత్త లిపి సులభమైనది, దానివలన లక్షలమంది బీదలకు చదువు వచ్చినది, దానిని నిందింపరాదు. కాని రెండు తరములు గడచునప్పటికి తాత వ్రాసిన పుస్తకము మనుమని చేతిలో మూగదయ్యెను. పెట్టె ఉన్నది, పుస్తకమున్నది, సాము నేర్చిన చేయి ఉన్నది; చదువుటకు కన్ను లేదు. దానిపై యుద్ధము వచ్చిపడెను. 1966 తొలి నెలలలో కోన్ నది పరిసరములలోని బిన్ అన్ పల్లెలలో దక్షిణ కొరియా సైనికులు వందలాది గ్రామస్థులను చంపిరని వియత్నాం వారి నమోదులు చెప్పుచున్నవి. అట్టి దినములలో ముసలివాడొకడు మరణించిన, ఆతనితోపాటు ఎన్ని పద్యముల అర్థము పోయినదో ఎవరు లెక్కింపగలరు?

క్రొత్త మార్గములు

ఈ నష్టమును గుర్తించి పని చేసినవారును కలరు. న్గుయెన్ లాక్ (1912-1960) అను యువకుడు పాత కుస్తీని, సామును క్రొత్తగా కూర్చి 1938లో హనోయిలో వోవినాం అను సంప్రదాయమును స్థాపించెను. మరుసటి యేట దానిని ప్రజలముందు ప్రదర్శించెను. పరపాలనలో నున్న యువకులకు దేహబలము, ఆత్మగౌరవము కలిగింపవలెనని ఆయన ఆశయము. నేడు అది పలుదేశములకు వ్యాపించినది. 2011 ఆగ్నేయాసియా క్రీడలలో స్థానము పొందెను. న్గే అన్, థాన్ హోవా సీమల కుటుంబ విద్య 'న్యాట్ నాం' అను పేర 1983లో హనోయిలో బహిరంగమయ్యెను.

1991లో వియత్నాం సాంప్రదాయిక యుద్ధవిద్యల సమాఖ్య ఏర్పడినది. ఊరూరి గురువులను పిలిపించి, వరుసలను చూచి, కొన్నింటిని దేశమంతటికి ప్రమాణముగా ఎంచిరి. కోడిపుంజు సాము వానిలో ఒకటి. 2006 నుండి బిన్‌దిన్‌లో అంతర్జాతీయ ఉత్సవములు జరిగినవి. 2012లో బిన్‌దిన్ సామును జాతీయ సాంస్కృతిక వారసత్వముగా గుర్తించిరి. కియెన్ మీలో క్వాంగ్ ట్రుంగ్ పేర వెలసిన ప్రదర్శనశాల ముంగిట నేడు పండ్రెండు ఢంకాల తైసన్ రణభేరి మ్రోగుచుండగా బాలబాలికలు కర్ర త్రిప్పుదురు. ఒకనాడు పేరు చెప్పుటకే భయపడిన ఊరు అది.

దీనికి సంతోషింపవలెను. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ప్రమాణమైన వరుసను వేలమంది నేర్చుకొందురు. ప్రమాణము కాని వరుసకు శిష్యుడు దొరకడు. నదికి ఈవలి ఒడ్డు పోకడకును ఆవలి ఒడ్డు పోకడకును గల భేదము పోటీ బరిలో మార్కులకు రాదు. ఒకటి నిలుపబోయి పది పోగొట్టుకొను ప్రమాదము ఇందులో కలదు. ఆ భేదములను కాపాడవలసినది సమాఖ్య కాదు, ఆ ఊరే.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది ఇది. రాజులు ఆ విద్యకు ఆలయము కట్టిరి, రాజులే దానిని అణచిరి. నిలిపినది మాత్రము పల్లె. పల్లె నిలుపుకొన్నది నోటిమాటతో, పద్యముతో, గురుశిష్య సంబంధముతో. పోగొట్టుకొన్నది చదువగలవారు లేక. అన్నదమ్ములు ముగ్గురికి అక్షరమును కర్రను ఒకే గురువు నేర్పెనను ఐతిహ్యములో ఎంతటి వివేకమున్నదో చూడుడు!

మన గ్రామమునను కర్రసాము తెలిసిన వృద్ధులు, కోలాటపు అడుగులు తెలిసినవారు, పాతపద్ధతిని బావి త్రవ్వుట తెలిసినవారు ఇంకను ఉన్నారు. వారికి తెలిసినదానిని వారి నోటనే విని, ఒక పుస్తకమున వ్రాసి, మన గ్రంథాలయపు బీరువాలో ఉంచవలెను. ఇరువదియైదేండ్లుగా ఇతరులు వ్రాసిన పుస్తకములను చదువుకొంటిమి. రాబోవు ఇరువదియైదేండ్లలో మన ఊరు వ్రాసిన పుస్తకములును ఆ అరలలో చేరునుగాక యని కోరుచు ఈ వ్యాసమును ముగించుచున్నాను.